లంబాడీ నుడికి విజ్ఞానసర్వస్వ మెన్నడు?

నిజామాబాదు సీమ ఏ కాలమునను ఒక్క భాషతో బ్రదికినది కాదు. కందకుర్తి యొద్ద మంజీర గోదావరిలో కలియుచోట ఆవలి గట్టున మరాఠీ, ఈవలి గట్టున తెలుగు వినవచ్చును. 1923 – 1931 సంవత్సరముల నడుమ నిజాంసాగరము నిర్మింపబడిన పిమ్మట కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చి కాలువల వెంబడి క్యాంపులు కట్టుకొనిరి. వారి తెలుగు యాస వేరు. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. పంటకాలమున దాని గేటు ముందర బారులు తీరిన చెరకు బండ్ల నడుమ తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ నాలుగు నుడులును కలగలిసి వినబడుచుండెడివి. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది. ఆ నాలుగు నుడులు మాత్రము బోధను అంగడిలో నేటికిని మూతబడలేదు.

ఈ నాలిగింటిలో మూడింటికి అంతర్జాలమున వికీపీడియా కలదు. ఎవరైనను వ్రాయదగిన, ఎవరైనను దిద్దదగిన, ఎవరికిని జీతములేని విజ్ఞానసర్వస్వ మది. మరాఠీకిని తెలుగునకును 2003లో, ఉర్దూకు 2004లో అది ఏర్పడినది. ప్రపంచమున నేడు మూడువందలకు పైగా భాషలలో అది నడచుచున్నది. లంబాడీలు తాము గోర్ బోలి అని పిలుచుకొను తమ మాటలో మాత్రము అది లేదు. జక్రాన్‌పల్లి, ఇందల్వాయి, ధర్పల్లి, సిరికొండ ప్రాంతముల తండాలలో ఇంటింట మాటాడు భాష ఇది. ఇట్టి భాషకు అట్టి గ్రంథము ఎప్పుడు తెరువవలెను? ఎవరు అడుగవలెను? ఎవరు ఔననవలెను? పైకి ఇది యంత్రజ్ఞుల వ్యవహారమువలె కనబడును గాని, లోన నున్నది భాషల మర్యాదకు సంబంధించిన పాత ప్రశ్నయే.

క్రొత్త భాషలను చేర్చుకొనుట కొక పద్ధతి యేర్పడి చాలకాలమైనది. 2006లో వికీమీడియా సంస్థ పక్షమున నొక భాషాసంఘము ఏర్పడినది. అందలి సభ్యులును స్వచ్ఛందముగా పనిచేయువారే. వారు పెట్టిన షరతులు ఇవి: భాషకు అంతర్జాతీయ ప్రమాణ పట్టికలో గుర్తు ఉండవలెను. అది మరియొక భాషకు యాస మాత్రమే కాక, వేరుగా నిలువదగినంత భేదము గలది కావలెను. పాఠకులును రచయితలును కాదగినంతమంది దానిని పుట్టుకతో మాటాడువారై యుండవలెను. ఇంక్యుబేటరు అను పరీక్షాస్థలములో కనీసము ముగ్గురు రచయితలు కొన్ని మాసములపాటు ఎడతెగక వ్యాసములు వ్రాయుచు రావలెను. తెరపై కనబడు వెదకుము, దిద్దుము, భద్రపరచుము వంటి ఆజ్ఞలన్నియు ఆ భాషలోనికి మారవలెను. కట్టకడపట ఆ భాష నెరిగిన పండితు డొకడు ఆ వ్రాతలను చూచి, ఇది నిజముగా ఆ భాషయే యని చెప్పవలెను. ఇంక్యుబేటరును తెలుగు రైతు మాటలో నారుమడి యనవచ్చును. నారు పోసి, అది మొలిచి, కొంత యెదిగిన పిమ్మటనే పొలములోనికి మార్చుట.

ఈ షరతులలో గమనింపవలసిన దొకటి కలదు. లక్షలమంది యుండవలెనని యెక్కడను లేదు. ప్రభుత్వము గుర్తింపవలెనని అసలే లేదు. భారత రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలు మాత్రమే కలవు. తుళు అందులో లేదు. అయినను తుళు వారు 2008లో నారుమడి వేసి, ఎనిమిది సంవత్సరములు వ్రాసి వ్రాసి, 2016లో తమ వికీపీడియాను తెచ్చుకొనిరి. సంతాలీ 2018లో, తమ సొంత లిపియైన ఓల్ చికిలో తెచ్చుకొన్నది. ఢిల్లీలో విజ్ఞాపనలు సమర్పించుచు దశాబ్దములు గడపిన భాషలకు ఇచ్చట తలుపు వేరుగా నున్నది. తట్టవలసిన తీరును వేరు. అర్జీ చాలదు, పని చూపవలెను.

పని చూపవలెనను నియమము న్యాయమైనదేనా? తెలుగువారు ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు తమ కథను ఒకసారి తలచుకొనవలెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా తెరువబడినప్పుడు ఈ భాషాసంఘమే పుట్టలేదు. వెన్న నాగార్జున మొదలైన కొలదిమంది ప్రవాసాంధ్రులు ఉత్సాహపడిరి, తలుపు తెరచుకొన్నది. ఎవరును ముగ్గురిని చూపుమని అడుగలేదు. ఏ పండితుడును వచ్చి పరీక్షింపలేదు. తొలినాళ్ళలో అది నడచినది కూడ నత్తనడకగానే. కంప్యూటరుపై తెలుగు టైపు చేయుటయే యొక విద్యగా నున్న దినములవి. నాగార్జున రూపొందించిన పద్మ వంటి లిప్యంతరీకరణ సాధనములు లేకున్నచో ఆ పాటి నడకయు సాగెడిది కాదు. నేటి షరతులే ఆనాడు ఉండినచో తెలుగు సయితము ఒకటి రెండేండ్లు నారుమడిలోనే నిలువవలసి వచ్చెడిది. నేడు లక్ష దాటిన వ్యాసములతో, రచ్చబండ యని పేరు పెట్టుకొన్న చర్చావేదికతో ఠీవిగా నున్న భాష, తాను మెట్లెక్కకయే మేడమీదికి చేరిన సంగతిని మరచి, వెనుక వచ్చువారికి మెట్లు లెక్కపెట్టుట మర్యాద కాదు.

ఐనను ఆ మెట్లు అనవసరముగా కట్టినవి కావు. తొందరపడి తెరచిన తలుపుల వలన కలిగిన చెరుపు చిన్నది కాదు. స్కాట్లండు దేశపు స్కాట్స్ భాషలోని వికీపీడియాలో వేలాది వ్యాసములు ఆ భాష రాని యొక అమెరికా బాలుడు వ్రాసినవని 2020లో బయటపడినది. ఆంగ్లమునే వంకరగా వ్రాసి స్కాట్స్ అని పెట్టినాడు. దురుద్దేశము లేదు; అడ్డుకొనువారును లేరు. సంవత్సరముల తరబడి ఆ భాషను చూడవచ్చినవారందరు ఇదేమి భాష, ఆంగ్లమును పాడుచేసిన పలుకే కదా యని నవ్వుకొని పోయిరి. అవమానము పొందినది బాలుడు కాదు, భాష. గ్రీన్‌లాండు భాష కథ ఇంకను దుఃఖకరము. అందు వ్యాసములలో పెక్కు ఆ భాష తెలియనివారు, యంత్రానువాదముల సాయమున పోసిన తాలు. ఆ గ్రంథమును చూచుకొనుచుండిన నిర్వాహకుడే దీనిని మూసివేయుడని కోరగా, 2025లో మూసివేత నిర్ణయమైనది. చిన్న భాషలకు అంతర్జాలమున దొరకు పాఠము బహు స్వల్పము. అనువాద యంత్రములు ఆ కొంచెమునే తిని నేర్చుకొనును. అందు తప్పులుండినచో ఆ తప్పులే మరల అనువాదములై వచ్చి, మరల వ్యాసములై కూర్చుండును. ఎండు ఊటబావిలో మురుగునీరు పోసి, అదే నీటిని తోడుకొని త్రాగినట్లు.

తెలుగువారు ఇతరుల కథలు విని తల యూపవలసిన అవసరమును లేదు. తెలుగు వికీపీడియాలో తొలి దశకమునందే మరబంట్లచే వేలకొలది గ్రామముల పేజీలు సృష్టింపబడినవి. ఊరి పేరు, మండలము పేరు, జిల్లా పేరు, అంతటితో సరి. వానిని మొలకలు అనిరి. ఆ మొలకల సంఖ్య చూపి భారతీయ భాషలలో తెలుగుదే పైచేయి యని కొంతకాలము సంబరము నడచినది. తరువాత వానికి నీరు పోయలేక ఆ సమూహము పడిన, నేటికిని పడుచున్న పాట్లు రచ్చబండకు తెలియును. కొన్ని మొలకలు చక్కని వ్యాసములైన మాట నిజమే. ఐనను ఎకరముల లెక్క వేరు, గాదెలోని ధాన్యపు లెక్క వేరు.

కావున పని చూపవలెనను నియమము ఉండవలసినదే. ముగ్గురు మనుష్యులు, కొన్ని మాసములు అన్నది పెద్ద కోరికయు కాదు. బోధను చెరకు రైతునడిగిన చెప్పును: నాటు ముచ్చెకు మూడు కన్నులుండవలెను, ఒకటి చెడినను తక్కినవి మొలచును. ఒక్కని ఉత్సాహముమీద నిలిచిన విజ్ఞానసర్వస్వము ఆ యొక్కడు ఉద్యోగము మారిననాడు ఎండిపోవును.

నియమములలో సవరింపదగినది వేరొకటి కలదు. తెరపై కనబడు ఆజ్ఞలను ముందుగా అనువదింపవలెనన్న షరతు వ్రాతకు క్రొత్తగా వచ్చు భాషలకు బరువైనది. తీజ్ పండుగను గూర్చియో, ఎడ్లమీద ధాన్యమును ఉప్పును లదేణి మోసిన పూర్వుల బాటలను గూర్చియో చెప్పదలచి వచ్చిన తండా యువకుని ఎదుట, ముందు పాస్‌వర్డు అను మాటకు లంబాడీలో ఏమందురో తేల్చుమని కాగితము పెట్టుట ఎట్టిది? ఇల్లు కట్టకముందే గడపకు పసుపు పూయుమన్నట్లు. ఆ పని తరువాత జరుగవచ్చును, జరుగవలెను. పాఠము ముందు, పరికరము వెనుక. భాషాసంఘము ఈ ఒక్క క్రమమును తారుమారు చేసినచో ఎవరికిని నష్టము లేదు.

ఇక లంబాడీ సంగతి. సంఖ్యాబలమునకు కొదువ లేదు. 2011 జనాభా లెక్కలలో లంబాడీ, లమానీ అని తమ మాతృభాషను చెప్పినవారు దేశమంతట 32 లక్షలకు పైబడిరి. తెలంగాణమున ఆ తెగవారే 20 లక్షలు దాటుదురు. రాష్ట్రపు గిరిజనులలో అందరికంటె పెద్ద సంఖ్య. విచిత్రమేమనగా జనాభా లెక్కలవారు ఈ భాషను హిందీ శీర్షిక క్రింద చేర్చి కలిపివేసిరి. రాజస్థానీకి దగ్గరి చుట్టమైన ఈ నుడిని ధర్పల్లి తండాలో మాటాడు వృద్ధురాలికి హిందీ రాదు. హిందీ మాత్రమే వచ్చినవానికి ఆమె మాట తెలియదు. అంతర్జాతీయ ప్రమాణ పట్టిక మాత్రము దీనికి ఎల్, ఎమ్, ఎన్ అను మూడక్షరముల గుర్తునిచ్చి వేరు భాషయని యొప్పుకొన్నది. సొంత దేశపు లెక్క కలిపివేసిన దానిని పరదేశపు పట్టిక విడదీసి నిలిపినది. వికీపీడియా తలుపు తెరచుకొనుటకు పనికివచ్చునది ఆ రెండవ లెక్కయే.

వ్రాయగలవారు లేరా యన్నచో అదియు కాదు. జక్రాన్‌పల్లి మండలపు తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్ బల్దేర్ బండి కవితలతో 2018లో ప్రవేశించి, ధావ్లో కథల సంపుటికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారమును పొందెను. అతడును ఆచార్య సూర్యా ధనంజయ్‌గారును కలిసి కేసులా అను బంజారా కథాసంకలనమును కూర్చిరి. ఐతే పురస్కారము వచ్చినది తెలుగు రచనకు. పేర్లు గోర్ బోలివి, వాక్యములు తెలుగువి. ఇందు తప్పు పట్టవలసినది లేదు. తెలుగు సాహిత్యమునకు అది లాభమే. కాని తండా బిడ్డ పేరు పొందవలెనన్నచో తన నుడిని శీర్షికలో మాత్రము నిలుపుకొని తక్కినదంతయు వేరు భాషలో చెప్పవలసివచ్చు స్థితి యొకటి కలదని యిది చూపుచున్నది. ఉమ్మడి రాష్ట్రమున 2004 ప్రాంతమున బహుభాషా విద్యా పథకము క్రింద ఎనిమిది గిరిజన భాషలలో వాచకములు తయారైనవి. అందు లంబాడీ యొకటి. తెలుగు లిపిలో లంబాడీ పాఠము వ్రాయు పద్ధతి అప్పటికే అచ్చులో నిలిచినదన్న మాట.

లిపి యన్నంతనే అసలు చిక్కు ఎదురగును. తెలంగాణ లంబాడీ తెలుగు లిపిలో వ్రాయును. కర్ణాటక లమాణి కన్నడ లిపిలో వ్రాయును. మహారాష్ట్ర బంజారా దేవనాగరిలో వ్రాయును. భాషకు గుర్తు ఒక్కటే, విజ్ఞానసర్వస్వమును ఒక్కటే యగును. అది ఏ లిపిలో నుండవలెను? బోధనుకు ఆవలి గట్టున నున్న నాందేడు బంజారాకును ఈవలి గట్టున నున్న వర్ని లంబాడీకిని మాట యొక్కటే, వ్రాత వేరు. ఈ తగవు తీరువరకు ఆగవలెనన్నవారు కలరు. ఆగనక్కరలేదు. సెర్బియా వారి వికీపీడియా ఒక్క మీటతో సిరిలిక్కునుండి లాటిన్‌లోనికి మారును. వ్రాసినది ఒకసారియే, చదువునది ఎవరి లిపిలో వారు. కొంకణి వారు దేవనాగరి, రోమను లిపుల వ్యాసములను ఒకే గ్రంథమున ఉంచుకొని 2015నుండి నడుపుకొనుచున్నారు. తెలుగు, కన్నడ, నాగరి లిపులు మూడును ఒకే అక్షరక్రమము గలవి. వీని నడుమ మార్పిడి యంత్రమునకు కష్టమైన పని కాదు. పొరుగు గోండీకి గుంజాల లిపి, మసరం లిపి రెండును యూనికోడులో చోటు సంపాదించుకొన్నవి. వారి నిర్ణయము వేరు విధముగ నుండవచ్చును. లంబాడీలు మాత్రము చేతనున్న లిపులతోనే ఆరంభింపవచ్చును.

లిపికంటె లోతైన చిక్కు మరియొకటి. వికీపీడియాలో ప్రతి వాక్యమునకును అచ్చయిన ఆధారము చూపవలెను. సేవాలాల్ మహరాజు కథ, పెండ్లికూతురు పుట్టిల్లు విడుచునపుడు పాడు ధావ్లో, కాంచళి కుట్టుపనిలోని అద్దముల కూర్పు, ఇవన్నియు ఎరిగినవారి నోట నున్నవి, పుస్తకములలో లేవు. 2011లో అచల్ ప్రభల ఈ విషయముపై ఒక ప్రయత్నము చేసెను. భారతదేశమునను దక్షిణాఫ్రికాలోను గ్రామస్థుల మాటలను శబ్దగ్రహణము చేసి, ఆ ధ్వనినే ఆధారముగా చూపి వ్యాసములు వ్రాయించెను. పెద్ద భాషల వికీపీడియాలలో ఆ పద్ధతి వేరూనలేదు. అచ్చు పుస్తకములకు కొదువలేని భాషకు ఆ యవసరము తోచకపోవుట సహజమే. నోటి భాషకు తలుపు తెరచి, నోటి సాక్ష్యమునకు తలుపు మూయుట మాత్రము సహజము కాదు. భాషాసంఘము తన షరతులలో చేర్చవలసిన దేదైన నున్నచో, ఇట్టి భాషలకు ధ్వని యాధారములను ఏ మేరకు అంగీకరింతురో ముందుగానే తెలుపుట.

ఈ సందర్భమున తెలుగువారు, విశేషించి నిజామాబాదువారు, తమ పెద్దల నాటి సంగతులు రెండు జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును. 1921లో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ అవమానమునుండి ఆంధ్రజనసంఘము, దానినుండి ఆంధ్రమహాసభ పుట్టినవి. ఆ మహాసభ ఆరవసారి 1937లో నిజామాబాదుననే కూడినది. అధ్యక్షులు మందుముల నరసింగరావుగారు. వారు నడపిన రయ్యత్ పత్రిక ఉర్దూ పత్రిక. తెలుగునకు నోరిచ్చుటకై పుట్టిన సభలో ఇతర భాషలవారి నోటిమాట యేమి యన్న చర్చ ఆ యేటనే వచ్చుటలో వింత లేదు. నిన్న వెలి నున్నవాడు నేడు వాకిట నిలిచినపుడు ఎదురగు ప్రశ్న అది.

రెండవది గోలకొండ కవుల సంచిక. తెలంగాణమున కవులు లేరన్న ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదముతో బదులు చెప్పలేదు. పత్రికలో ప్రకటించి ఊరూరినుండి పద్యములు తెప్పించి, 354 మంది కవులను 1934లో ఒక గ్రంథమున నిలిపిరి. జీతము లేని పలువురు చేయి వేసిన గ్రంథమది. గుర్తింపు కోరి వ్రాయలేదు. వ్రాసిన పిమ్మట గుర్తింపక తప్పినది కాదు. నేటి భాషాసంఘపు షరతునకును ఆనాటి ఆ పట్టుదలకును పోలిక స్పష్టమే. భేద మొక్కటి: ప్రతాపరెడ్డిగారి చేతిలో గోలకొండ పత్రిక యుండెను. తండా యువకుని చేతిలో ఏమున్నది?

సెల్‌ఫోను ఉన్నది. అందు తెలుగు కీబోర్డు ఉన్నది. లేనివి తోడును, తీరికయు. ఆ తోడు తెలుగు వికీపీడియా రచయితలు ఇయ్యగలరు. ఇరువది యేండ్ల యనుభవము వారిది. మూస యెట్లు కట్టవలెనో, వర్గము లెట్లు కూర్చవలెనో, మొలకను చెట్టు చేయు పాట్లెట్టివో వారెరిగినట్లు వేరొకరెరుగరు. వారు లంబాడీలో వ్రాయవలదు. స్కాట్స్ బాలుని కథ ఆ పనిని నిషేధించుచున్నది. తెలుగు వ్యాసములను యంత్రమున వేసి లంబాడీ చేసి పోయవలదు; గ్రీన్‌లాండు కథ దానిని నిషేధించుచున్నది. ప్రక్కన కూర్చుండి దారి చూపవలెను, అంతియే. డిచ్‌పల్లిలో 2006నుండి తెలంగాణ విశ్వవిద్యాలయము కలదు. అందు తండాలనుండి వచ్చి చదువు విద్యార్థులు కలరు; వారికి భాష సొంతము, వ్రాత పరిచితము. అందరు నక్కరలేదు. ముగ్గురు, వారమునకు రెండు పుటలు, ఒక విద్యాసంవత్సరము.

అంతవరకు లంబాడీ వికీపీడియా తెరువనక్కరలేదు. తొందరపడి తెరచినచో అది లంబాడీ రానివారి చేతికి చిక్కును. ఆ సంవత్సరము ముగిసి, పుటలు నిలిచి, వ్రాయు చేతులు ఆగకున్నచో ఒక్కదినమును ఆలస్యము చేయరాదు. లిపి తగవనియు, ఎనిమిదవ షెడ్యూలనియు, తెరమీది ఆజ్ఞలు ఇంకను నూరు మిగిలినవనియు సాకులు చెప్పరాదు. ముందుగా వ్రాయదగిన వ్యాసములు వెదకికొన నక్కరయు లేదు. తీజ్ ఒకటి. లదేణి ఒకటి. బోధను చక్కెర కర్మాగారము మరియొకటి. చెరకు బండి తోలుకొని దాని గేటువద్ద రాత్రులు కాచుకొన్న తాతలు ఇంకను కొన్ని తండాలలో నున్నారు, అడిగినచో చెప్పుదురు.